ఈ ముక్క ఏ లోహం? మెకానిక్ షెడ్డులో దొరికే సైన్సు పాఠం



ఈసారి బండి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మీ మెకానిక్‌ని ఒక్క మాట అడగండి. "పిల్లల చదువుకి పనికొస్తాయి, పారేసే ఇంజను ముక్కలు ఏమైనా ఉంటే గుప్పెడు ఇస్తారా?" అని. షెడ్డు మూల ఒక డబ్బా ఉంటుంది. అందులో అరిగిపోయిన పిస్టను, విరిగిన రింగులు, వాల్వులు, పాత కార్బ్యురేటరు, క్లచ్ ప్లేటు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు, దాని వాషరు దొరుకుతాయి. పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాల్సిన ఆ గుప్పెడు ముక్కల్లో కనీసం అయిదారు లోహాలు ఉంటాయి. ఏ ముక్క ఏ లోహమో ఇంట్లో ఉన్న వస్తువులతోనే మీరూ మీ పిల్లలూ కలిసి తేల్చవచ్చు. ఈ నెల పాఠం అదే.

ఇది ఎందుకంటే, తొమ్మిదో తరగతి పిల్లలు సాంద్రత సూత్రం తడుముకోకుండా చెబుతారు. పదో తరగతి పిల్లలు లోహాల చర్యాశీలత శ్రేణి పై నుంచి కిందికి, కింద నుంచి పైకి అప్పజెబుతారు. అదే పిల్లల చేతిలో బూడిదరంగు ముక్క ఒకటి పెట్టి "ఇది ఏమిటి?" అంటే "ఐరన్" అంటారు. ఏ ముక్క పెట్టినా ఐరనే.

ముందు పేర్ల సంగతి చూద్దాం. ఇంట్లో మనం "సిల్వర్ గిన్నె" అంటాం. అది వెండి కాదు, అల్యూమినియం. పాత సామాన్ల కొట్టులోనూ పిస్టన్ని "సిల్వర్" అనే కొంటారు. లేత్ షాపుల్లో "బీడు" అంటే పోత ఇనుము, పుస్తకంలో కాస్ట్ ఐరన్. "గన్‌మెటల్ బుష్" అంటే కంచు జాతిది, రాగిలో ప్రధానంగా తగరం కలిపినది. ఇత్తడి రాగిలో జింకు కలిపినది. జింకునే పెద్దవాళ్ళు తుత్తునాగం అనేవారు. ఈ మాటలు ఇంట్లో పిల్లలకు వినిపించండి, పరీక్షలో రాయాల్సిన పేరు కూడా పక్కనే చెప్పండి. సిల్వర్ అన్న మాట ఒక్కటి మాత్రం జాగ్రత్త. దాన్ని నమ్మి అల్యూమినియం గుర్తు దగ్గర ఏజీ అని రాసిన జవాబు పత్రాలు నేను దిద్దాను.

ఇక పని మొదలుపెడదాం. ముక్కల్ని ఆరుబయట, పెద్దవాళ్ళే, కాస్త కిరోసిన్‌తో తుడిచి, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. పెట్రోలు వద్దు. పాత ఇంజనాయిలు చర్మానికి మంచిది కాదు కాబట్టి చేతికి తొడుగు వేసుకోండి. బ్రేక్ షూలు మాత్రం అసలు తీసుకోకండి. వాటి పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మొదటి పరీక్ష కళ్ళతో. ఇందులో చీరాల వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. వాడరేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి నాలుగు నెలలు బయట పడి ఉన్న ఏ ముక్కనైనా దాని రంగు బయటపెట్టేలా చేస్తుంది. ఎర్రటి తుప్పు పట్టిందంటే అది ఇనుమో ఉక్కో. ఆకుపచ్చ చిలుము పట్టిందంటే రాగి ఉన్న లోహం. తెల్లటి పొడి పూసిందంటే అల్యూమినియం కావచ్చు, జింకు కావచ్చు. ఆ రెండింటినీ కంటితో విడదీయలేం, దాని సంగతి తర్వాత.

బండి ఇంజను పక్క మూత ఉంటుంది కదా, దాని స్క్రూల చుట్టూ ఒకసారి చూడండి. మూత అల్యూమినియం, స్క్రూ ఉక్కు. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉండి, మధ్యలో ఉప్పు తేమ చేరితే చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. చర్యాశీలత ఎక్కువున్న అల్యూమినియం కరిగి తెల్లపొడి అవుతుంది, ఆ పొడి మరల్లో బిగుసుకుని స్క్రూ తిరగదు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళ బండ్ల కంటే మన బండ్లలో స్క్రూలు ఎక్కువ పట్టేయడానికి కారణం ఇదే. పదో తరగతి పుస్తకంలో శ్రేణి ఎందుకుందని మీ అమ్మాయి అడిగితే ఆ స్క్రూ చూపించండి.

చింతపండు కూడా ఇక్కడ పనికొస్తుంది. ఇత్తడి చెంబు తోమినట్టే ముక్క మీద తడి చింతపండు రుద్దండి. నల్లబడిన వాషరు ఎర్రగా తేలితే రాగి. కార్బ్యురేటరు జెట్టు పసుపుగా తేలితే ఇత్తడి. కానీ పసుపురంగు చూసి మోసపోకండి. కొన్ని బోల్టులు బంగారు రంగులో మెరుస్తాయి. అవి ఉక్కు బోల్టుల మీద జింకు పూత పూసి, దానికి రంగు వచ్చేలా రసాయనంతో శుద్ధి చేసినవి. ఆ జింకు తను ముందు తినిపోయి లోపలి ఉక్కుని కాపాడుతుంది. అది ఇత్తడో ఉక్కో తేల్చడానికి అయస్కాంతం కావాలి.

రెండో పరీక్ష అదే. పాత స్పీకరులోని అయస్కాంతం అయితే బాగా బలంగా ఉంటుంది. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలది కూడా పరవాలేదు. దాన్ని దారంతో వేలాడదీసి ముక్క దగ్గరికి తెస్తే కొద్దిపాటి లాగుడు కూడా తెలుస్తుంది. బంగారు రంగు బోల్టు అంటుకుంటుంది, ఇత్తడి జెట్టు అంటుకోదు. క్లచ్‌లో రెండు రకాల ప్లేట్లు ఉంటాయి. ఒట్టి లోహపు ప్లేటు ఉక్కు, అంటుకుంటుంది. బిళ్ళలు అతికించిన ప్లేటు నడిమి భాగం చాలా బండ్లలో అల్యూమినియం, అంటుకోదు. సిలిండర్ బ్లాకు దొరికితే పిల్లలకు మంచి ఆట. బయటి రెక్కలకు అయస్కాంతం అంటదు, లోపలి గొట్టానికి గట్టిగా అంటుతుంది. బయట అల్యూమినియం, లోపల పిస్టను రాసుకునే చోట బీడు గొట్టం. పాత బుల్లెట్టుది అయితే బ్లాకు మొత్తం బీడే, రెక్కలకు కూడా అంటుకుంటుంది. మాగ్నెటో చక్రంతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. దానిలోనే అయస్కాంతాలు ఉంటాయి, జవాబు తప్పొస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూ "ఉక్కు అయితే అయస్కాంతం అంటుకుంటుంది, అంటకపోతే ఉక్కు కాదు" అని బోర్డు మీద రాశాను. మర్నాడు ఒక అబ్బాయి వాళ్ళ నాన్న షెడ్డు నుంచి ఒక వాల్వు తెచ్చాడు. వాల్వు అంటే పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది, పళ్ళెంలాంటి తల, సన్నటి కాడ. కాడ చివర అయస్కాంతం అంటుకుంది. తలకి అంటలేదు. "మేడం, ఇది సగం స్టీలు, సగం సిల్వరా?" అన్నాడు. క్లాసంతా నవ్వారు. ల్యాబ్ త్రాసులో తూచి నీళ్ళలో ముంచి చూస్తే సాంద్రత ఏడున్నర దాటింది. సిల్వర్ అంటే అల్యూమినియం అయ్యే అవకాశమే లేదు. నాకు జవాబు తెలియలేదు, తెలియదనే చెప్పాను.

సాయంత్రం వాళ్ళ నాన్నగారు పిల్లవాణ్ణి తీసుకెళ్ళడానికి గేటు దగ్గరికి వచ్చారు. అడిగాను. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని వాల్వు తీసుకున్నారు. "ఇది సైలెన్సర్ వైపు వాల్వండి. రెండు ముక్కలండి మేడం ఇది. తల వేరే స్టీలు, కాడ వేరే స్టీలు. తల ఎర్రగా కాలిపోద్ది కదండీ, మామూలు స్టీలు తట్టుకోదు" అన్నారు. తర్వాత చదివి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మండిన గ్యాసు బయటికి పోయే ఆ వాల్వు తల 700 డిగ్రీలు దాటే వేడిలో పనిచేస్తుంది. అందుకని క్రోమియం, మాంగనీసు, నికెల్ కలిపిన ఉక్కుతో చేస్తారు. ఆ కలయికలో ఇనుము పరమాణువులు అమరే తీరు మారిపోయి, అయస్కాంతం పనిచేయదు. కాడ చివర రాపిడిని తట్టుకోవాలి కాబట్టి గట్టిపరచదగిన మామూలు జాతి ఉక్కు. రెండు కడ్డీలను ఒకదానికొకటి ఒత్తిపెట్టి గిర్రున తిప్పితే పుట్టే రాపిడి వేడికి అవి అతుక్కుపోతాయి. అతుకు కంటికి కనపడదు, అయస్కాంతానికి తెలుస్తుంది. అన్ని బండ్లలోనూ ఇలాగే ఉండదు, కొన్నిట్లో మొత్తం వాల్వు ఒకటే ఉక్కు.

ఈ మాట పేరెంట్స్ మీటింగ్‌లో "మేం పెద్దగా చదువుకోలేదండీ, ఇంట్లో ఏం చెప్పగలం" అనే తల్లిదండ్రుల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. బోర్డు మీది వాక్యాన్ని మర్నాడు చెరిపి మళ్ళీ రాసింది నేను. దిద్దింది ఆయన.

వాల్వు దొరకకపోతే ఇదే సంగతి వంటింట్లో చూపించవచ్చు. స్టీలు కంచాలు, గరిటెలు, గ్లాసులు అన్నిటికీ అయస్కాంతం పెట్టి చూడమనండి. కొన్నిటికి అంటుతుంది, కొన్నిటికి అంటదు. అంటనివి నికెల్ లేదా మాంగనీసు తగినంత కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలు. ఇండక్షన్ పొయ్యి మీద కొన్ని గిన్నెలు పనిచేయకపోవడం కూడా దీనివల్లే.

మూడో పరీక్ష బరువు. అసలు పాఠం ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. వంటింట్లో వాడే డిజిటల్ కాటా, ఒక గ్లాసు, నీళ్ళు, దారం చాలు. కాటా మీద ప్లాస్టిక్ కవరు పరవడం మరవకండి.

ముందు ముక్కని మామూలుగా తూచి బరువు రాయండి. తర్వాత ముప్పాతిక వరకు నీళ్ళున్న గ్లాసుని కాటా మీద పెట్టి, బటన్ నొక్కి సున్నా చేయండి. ముక్కని దారానికి కట్టి, చేత్తో పట్టుకుని, నీళ్ళలో పూర్తిగా మునిగేలా దించండి. అడుగుకి, గోడలకి తగలకూడదు, నీళ్ళు పొర్లకూడదు. ఇప్పుడు కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ ముక్క ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. ముక్క బరువు మీ చేతిలో ఉంది కదా, మరి కాటా ఎందుకు కదిలింది? నీళ్ళు ముక్కని పైకి తోస్తున్నాయి, ముక్క నీళ్ళని అంతే బలంతో కిందికి తోస్తుంది. ఆ తోపుడు ముక్క పక్కకి నెట్టిన నీటి బరువుకి సమానం. ఘన సెంటీమీటరు నీళ్ళు ఒక గ్రాము తూగుతాయి. ఆర్కిమిడీస్ సూత్రానికి ఇంతకంటే చవకైన ప్రయోగం నాకు తెలియదు.

బరువుని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. పిస్టను 81 గ్రాములు తూగి, నీళ్ళలో కాటా 30 చూపించిందనుకోండి, 2.7 వస్తుంది. అది అల్యూమినియం. ఉక్కు 7.8 దగ్గర, బీడు 7.2 దగ్గర, జింకు మిశ్రమం 6.7 దగ్గర, ఇత్తడి 8.5 దగ్గర, రాగి 8.9 దగ్గర ఉంటాయి. మెగ్నీషియం 1.74 మాత్రమే.

మొదటిసారి లెక్క తప్పుతుంది, పిల్లల్ని కోప్పడకండి. ఎక్కువగా తప్పేది గాలి వల్ల. పిస్టన్ని గిన్నె బోర్లించినట్టు దించితే లోపల గాలి చిక్కుకుని ఘనపరిమాణం ఎక్కువ చూపిస్తుంది. నోరు పైకి ఉండేలా దించి, కాస్త ఊపి బుడగలు పోనివ్వాలి. నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేస్తే బుడగలు తేలిగ్గా వదులుతాయి. రెండో తప్పు చిన్న ముక్కలతో. ఇత్తడి జెట్టు ఒకటి రెండు మూడు గ్రాములే ఉంటుంది. గ్రాము లెక్కన చూపే కాటాకి దాని ఘనపరిమాణం దొరకదు. పది పదిహేను జెట్లు ఒకే దారానికి కట్టి చూడాలి, అప్పుడు కూడా 8 వచ్చిందా 9 వచ్చిందా అన్నది గట్టిగా చెప్పలేం. చెప్పలేం అని నోటుబుక్కులో రాయడమూ మార్కులొచ్చే జవాబే.

కార్బ్యురేటరు తొడుగు దగ్గర ఈ పరీక్ష విలువ తెలుస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటార్ సైకిళ్ళలో చాలావాటిలో కార్బ్యురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కానీ, పాతవి మన వీధుల్లో ఇంకా చాలా తిరుగుతున్నాయి. ఆ తొడుగు కొన్నిట్లో అల్యూమినియం మిశ్రమం, కొన్నిట్లో జింకు మిశ్రమం. రెండూ బూడిద తెలుపే, రెండింటికీ తెల్లపొడే పూస్తుంది, రెండింటికీ అయస్కాంతం అంటదు. జెట్లు, రబ్బర్లు, స్క్రూలు అన్నీ తీసేసి నీళ్ళలో ముంచండి. 200 గ్రాముల తొడుగు అల్యూమినియమైతే కాటా 74 దగ్గర చూపిస్తుంది, జింకైతే 30 దగ్గర. ఇంత తేడా ఉన్నప్పుడు కాటా ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అయినా జవాబు మారదు.

ఆ తేడా తెలియకపోతే ఏమవుతుందంటారా? తొడుగు చెవి విరిగిందని గ్యాస్ వెల్డింగ్‌కి ఇచ్చారనుకోండి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. జింకు మిశ్రమం 400 డిగ్రీలు కూడా రాకముందే కరగడం మొదలవుతుంది. అల్యూమినియం అనుకుని మంట పెడితే ముక్క చూస్తుండగానే ముద్దయిపోతుంది. దాని పొగ పీల్చిన మనిషికి రాత్రికి చలీ జ్వరం కూడా రావచ్చు.

నాలుగో పరీక్ష పెద్దవాళ్ళు మాత్రమే చేయాలి. ఆకురాయితో కనపడని మూల ఒక్క గీత గీస్తే పూత కింద అసలు రంగు కనిపిస్తుంది. రాగి, అల్యూమినియం మెత్తగా కోసుకుపోతాయి, గట్టిపరచిన పిస్టను పిన్ను మీద ఆకురాయి జారిపోతుంది. పాత రింగుని గుడ్డలో చుట్టి వంచితే, బీడుదైతే పుటుక్కున విరిగి బూడిదరంగు గరుకు అంచు కనిపిస్తుంది. ఈమధ్య పై రింగులు ఉక్కువి కూడా వస్తున్నాయి, అవి వంగుతాయి. లేత్ షాపుల్లో గ్రైండరుకి పెట్టి నిప్పురవ్వలు చూసి లోహం చెప్పేవాళ్ళున్నారు. ఆ పని ఇంట్లో చేయకండి. మెగ్నీషియం పొడికి నిప్పంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు, ఇంకా రేగుతుంది.

లోహం పేరు తేలాక "ఇక్కడ ఇదే ఎందుకు పెట్టారు?" అని పిల్లల్ని అడగండి. 100 సీసీ ఇంజను నిమిషానికి 8,000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టను నిమిషానికి 16,000 సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. అందుకని తేలికైన అల్యూమినియం కావాలి. కానీ అల్యూమినియం వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. 50 మిల్లీమీటర్ల పిస్టను 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే కొలత ఉన్న బీడు గొట్టం దాదాపు సగమే పెరుగుతుంది. పైగా పిస్టనే ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే పిస్టన్లో పన్నెండు శాతం దాకా సిలికాన్ కలిపి వ్యాకోచం తగ్గిస్తారు, మధ్యలో వెంట్రుక మందం కూడా లేని ఖాళీ వదులుతారు. ఆయిలు అయిపోయినా చూసుకోకుండా నడిపితే ఆ ఖాళీ చాలదు, పిస్టను పట్టేస్తుంది.

డ్రెయిన్ బోల్టు కథ కూడా అలాంటిదే. బోల్టు ఉక్కు, అది దిగే ఇంజను అడుగు అల్యూమినియం, మధ్యలో రాగి లేదా అల్యూమినియం వాషరు. ఆయిలు కారుతోందని పొడుగు స్పానరుతో బలంగా బిగిస్తే ఓడిపోయేది ఎప్పుడూ అల్యూమినియం మరలే. బోల్టు విలువ ఎంత, ఇంజను అడుగు విలువ ఎంత! వాషరు మెత్తగా ఉండేది నలిగి సందు మూయడానికే. కారితే ముందు వాషరు మార్చాలి, బలం కాదు.

పిల్లలు నోటుబుక్కులో ఒక్కో ముక్కకి నాలుగు గడులు గీసుకోవాలి: రంగు లేదా తుప్పు, అయస్కాంతం, బరువు, నీళ్ళలో కాటా చూపిన అంకె. కనీసం రెండు పరీక్షలు ఒకే మాట చెబితేనే లోహం పేరు రాయాలి. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవానికి ముక్కల్ని, నోటుబుక్కుని బడికి పంపండి. ముక్కలిచ్చిన మెకానిక్ గారికి వీలైతే ఆయన్నీ రమ్మనండి.

ఈలోగా మూడు లెక్కలు. మొదటి ముక్క 134 గ్రాములు, నీళ్ళలో కాటా 20 చూపింది, అయస్కాంతం అంటలేదు. రెండోది 86 గ్రాములు, కాటా 10 చూపింది, తెల్లగా మెరుస్తోంది కానీ ఆకురాయి గీతలో పసుపు కనిపించింది, అయస్కాంతం అంటలేదు. మూడోది ఒక పిస్టను, 78 గ్రాములు, కాటా 23 చూపింది. సాంద్రత 3.4 వచ్చింది. పైన చెప్పిన లోహాల్లో 3.4 ఏదీ లేదు. బుడగలూ లేవు, లెక్కా తప్పలేదు. అయస్కాంతం పెడితే పిస్టను నడుమ ఒక్కచోట అంటుకుంది. ఆ ముక్కని నీళ్ళలో ముంచేముందు ఏం తీయడం మరిచిపోయి ఉంటారు?